ఒంటి చేత్తో లేచే నొగ

సౌనా ఎవరి దగ్గర ఉండాలన్నది దాన్ని కట్టిన వేసవిలోనే అన్నదమ్ములు తేల్చుకున్నారు. జూన్‌లో నడివేసవి యుహన్నుస్ పండగకి ఐలీ అత్త పొలానికి దాన్ని ఎవరు లాక్కొస్తే, పై ఏడాది పండగ దాకా అది వాళ్ళ పెరట్లో ఉంటుంది. కాగితం లేదు, సాక్షులు లేరు. నీమెలా కుటుంబంలో ఒకసారి అనుకున్న మాటని మళ్ళీ ఎత్తడమే మర్యాద తక్కువ.

ట్రైలర్ మీద కట్టిన దేవదారు చెక్క ఆవిరిస్నానపు గది అది. లోపల మెట్టు మీద మెట్టుగా రెండు బల్లలు, తలుపు పక్కన ఇనప పొయ్యి, పొయ్యి నెత్తిన రాళ్ళు. రాళ్ళు కాలాక గరిటెడు నీళ్ళు చల్లితే లేచే ఆవిరికి మనిషి ఒళ్ళంతా వదులైపోతుంది. కట్టిన దగ్గర్నుంచీ పెద్దవాడు ఆర్నీయే దాన్ని లాగుతూ వచ్చాడు. రోడ్ల మీద మంచు తోసే ఉద్యోగం అతనిది, ఇంట్లో పెద్ద పికప్ ట్రక్కు ఉండేది. కిందటేడు వసంతంలో పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. ట్రక్కు అమ్మేశారు. ఆ జూన్‌లో తమ్ముడు రాడ్నీ వచ్చి సౌనాని పొలానికి లాక్కెళ్ళి, పండగయ్యాక మళ్ళీ తెచ్చి అన్న పెరట్లోనే పెట్టిపోయాడు. దాని గురించి ఎవరూ ఏమీ అనలేదు.

ఈ ఏడు ఈస్టర్ నాడు మాత్రం కాఫీ తాగుతూ రాడ్నీ వదిన వైపు తిరిగి నెమ్మదిగా అన్నాడు.

"ఈసారి కూడా నేనే వచ్చి లాగితే, అటునుంచటే మా క్యాంపుకి తీసుకెళ్తా లోర్నా. నీకూ ఒక బరువు తగ్గుతుంది."

రాడ్నీ చెడ్డవాడు కాదు. చిక్కంతా అక్కడే ఉంది. అతని క్యాంపు అంటే అడవిలో వేటకని కట్టుకున్న చెక్క ఇల్లు, చలికాలం ఆ దారిలో మంచు తీసే దిక్కు లేదు. అక్కడికి వెళ్తే సౌనా ఎటూ పోదు, పాడవదు, కానీ ఆర్నీ పిలిస్తే వెళ్ళే చుట్టమైపోతాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక ప్రతి శనివారం ఆర్నీ మోకాలితో కట్టెని నొక్కి పట్టి కుడి చేత్తో చితుకులు చీల్చుకుంటాడు, పొయ్యి రాజేస్తాడు, బకెట్టుతో సగం సగం నీళ్ళు మోసుకుంటాడు. వారం మొత్తంలో ఎవరినీ అడక్కుండా అతను చేసుకునే పని అదొక్కటే. అది పోతే శనివారం కూడా టీవీ ముందు కుర్చీలోనే పోతుంది. లోర్నాకి ఇది లెక్క కట్టినట్టు తెలుసు.

"నేనే తీసుకొస్తా," అంది.

"దేంతో?"

లోర్నా కిటికీ వైపు చూపించింది. బయట ఆమె బూడిదరంగు చిన్న ఎస్‌యూవీ ఉంది. రాడ్నీ దాన్ని కాసేపు చూసి, కాఫీ ఇంకో గుక్క తాగి, సరుకులు తెచ్చుకోడానికి బావుంటుంది అన్నాడు. ఆర్నీ యాలకుల వాసనేసే నిసు రొట్టె ముక్క మీద వెన్న రాసుకుంటూ ఉండిపోయాడు.

లోర్నా హాంకాక్‌లో బడి వంటగదిలో పని చేస్తుంది. వందల మంది పిల్లలకి వండే చోట చేతి అంచనా మీద ఆధారపడితే ఏమవుతుందో చూసిన మనిషి. పిండి తూస్తుంది, ఉప్పు తూస్తుంది, తూచినదాన్ని ఇంకోసారి తూస్తుంది. ఇంట్లో అందరూ దీనికి నవ్వుతారు. రాడ్నీ అయితే ఆమె చేసిన కేకు ముక్క తింటూ దీని బరువెంత అని అడుగుతాడు.

కారుకి ట్రైలర్ తగిలించే హిచ్ వేయించడానికి ఊరి చివర డ్వైట్ బోషాంప్ షెడ్డుకి వెళ్ళింది. రాడ్నీ ముందే ఫోన్ చేసి చెప్పాడు, రెండంగుళాల గొట్టం వేయించు, నా ట్రక్కుకి ఉన్నదదే, దానికి ఏదైనా తగిలించొచ్చు అని. డ్వైట్ రెండు రకాలూ తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకటి రెండంగుళాలది, ఇంకోటి అంగుళంపావుది. రెండూ కారు అడుగున చట్రానికి బిగించే ఇనప కమ్ములే, మధ్యలో చదరపు గొట్టం. ఆ గొట్టంలోకి గుండు ఉన్న కడ్డీ దూర్చి పిన్ను వేస్తే, గుండు మీద ట్రైలర్ నొగ కూర్చుంటుంది.

"పెద్దది వేస్తే ఎక్కువ లాగుతుందా?" అని అడిగింది లోర్నా.

"గొట్టం పెద్దదైతే కారు పెద్దదవదు," అన్నాడు డ్వైట్. కారుతో వచ్చిన పుస్తకంలో ఎంత రాసుందో అంతే. పదిహేను వందల పౌండ్లు. గుండు మీద పడే బరువు నూట యాభై దాటకూడదు. పెద్ద గొట్టం కట్టుకుంటే సైకిళ్ళ స్టాండూ అదీ సులువుగా దొరుకుతాయి, కానీ కాస్త కిందికి వేలాడుతుంది. ఇంటి దారి నిటారుగా ఉంటే నేలకి గీసుకుంటుంది. ఈ మాటలన్నీ చెప్పి, ఏది కావాలో నువ్వే చెప్పు అన్నట్టు చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు.

లోర్నా చిన్నదే వెయ్యమంది.

"రేపెవరైనా వచ్చి పెద్ద పడవ తగిలించమంటే?"

"అందుకే చిన్నది. పెద్ద గొట్టం కనిపిస్తే మావాళ్ళు ఇల్లు తగిలిస్తారు."

డ్వైట్ నవ్వాడు. చిన్న గొట్టంతో పాటు పెట్టెలో వచ్చిన గుండు రెండంగుళాలకి కాస్త తక్కువది. లోర్నా ఇంటి దగ్గర ట్రైలర్ నొగ చివర, గుండు మీద బోర్లించే ఇనప గిన్నె మీద పోత పోసిన అంకె చూసి వచ్చింది. అది రెండు. ఆ గుండు వద్దు, సరిగ్గా రెండంగుళాలది పెట్టమంది. చిన్న గుండు మీద పెద్ద గిన్నె కూర్చున్నట్టే ఉంటుంది, గతుకులో పడ్డాక ఎగిరిపోతుంది. డ్వైట్ మార్చాడు, లైట్ల తీగ కలిపాడు, మొదటిసారి లాగాక బోల్టులు మళ్ళీ బిగించుకోడానికి రమ్మన్నాడు. లోర్నా కారుని ఇంటికి తెచ్చి, ఆర్నీ చూడకుండా వంగి, ఆ గొట్టాన్ని ఒకసారి చేత్తో పట్టుకుని గుంజి చూసింది.

ఆ శనివారం పొద్దున సౌనాని కారుకి తగిలించింది. వరండా మెట్టు మీద కూర్చుని ఆర్నీ చెబుతూ ఉన్నాడు.

"ఒంటి చేత్తో ఎత్తు. అంతే. నేనూ రాడ్నీ అలా కట్టాం దాన్ని."

నిజంగానే లేచింది. అంత పెద్ద గది, నొగ మాత్రం పాలడబ్బా అంత తేలిగ్గా పైకొచ్చింది. అన్నదమ్ములిద్దరూ ఏళ్ళ తరబడి పండగ జనం ముందు ఇది చేసి చూపించేవాళ్ళు. ఒకసారి ఐలీ అత్త చేత కూడా ఎత్తించారు. లోర్నా గిన్నెని గుండు మీద దించి, గడియ వేసి, గొలుసులు రెండూ నొగ కింద ఒకదానికొకటి అడ్డంగా దాటేట్టు తగిలించి, లైట్లు వెలుగుతున్నాయో లేదో చూసుకుంది. ముందు కంకర క్వారీకి వెళ్ళి లారీల కాటా మీద తూయిద్దాం అంది. ఆర్నీ పక్క సీట్లో కూర్చున్నాడు. బెల్టు పెట్టుకోడానికి అతనికి టైము పడుతుంది. ఆమె సాయం చెయ్యలేదు, ఆగింది.

చదును రోడ్డు మీద కారు బాగానే లాగింది. ఇంజిను కాస్త గట్టిగా అరుస్తోందంతే. మలుపు దాటాక క్వారీ వైపు దిగుడు మొదలైంది. వేగం నలభై మైళ్ళు దాటింది. ఎడమ అద్దంలో సౌనా గోడ కొంచెం బయటికి కనిపించి వెనక్కి పోయింది. తర్వాత కుడి అద్దంలో కనిపించింది. గాలి అనుకుంది లోర్నా. మూడోసారి ఇంకా ఎక్కువ కనిపించింది, దాంతో పాటు కారు వెనక భాగం పక్కకి జరిగింది, ఎవరో నడుం పట్టుకుని ఊపినట్టు. ఆమె స్టీరింగు రెండో వైపు తిప్పింది. ఊపు రెండింతలైంది. కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. కారు ముక్కు వంగింది, వెనక తేలిపోయినట్టైంది, గోడ ఈసారి అద్దం నిండా వచ్చింది.

"కాలు తియ్యి," అన్నాడు ఆర్నీ. "రెండింటి మీంచీ తియ్యి. స్టీరింగు కదపకు."

ఎదురుగా దుంగల లారీ వస్తోంది. లోర్నా కాళ్ళు రెండూ నేలకి ఆనించింది. స్టీరింగుని తిన్నగా పట్టుకుంది. కారు పక్కకి పోతోంది, తిప్పాలని చేతులు లాగుతున్నాయి, తిప్పలేదు. లారీ హారను ఒకటే మోత. సౌనా ఎడమకి వెళ్ళింది, కుడికి వచ్చింది, లారీ గాలి కొట్టినట్టు పక్కనుంచి పోయింది. దిగుడు అయిపోయి ఎగుడు మొదలయ్యాక ఊపు మెల్లమెల్లగా సన్నగిల్లింది. ఆమె కారుని రోడ్డు వారకి దించి ఆపింది.

ఆర్నీ కుడి చెయ్యి తలుపు పిడిని ఇంకా వదల్లేదు.

"కారు చిన్నది," అన్నాడు చివరికి. "నీ తప్పు కాదు. రాడ్నీకి ఫోన్ చెయ్యి."

లోర్నా దిగి చుట్టూ తిరిగి చూసింది. గిన్నె గుండు మీదే ఉంది. గొలుసులు ఉన్నాయి. పిన్ను ఉంది. తప్పు ఎక్కడుందో కంటికి కనిపిస్తే బావుండేది. ఫోన్ చెయ్యలేదు. వెనక లైట్లు నాలుగూ మిణుకుమనేట్టు పెట్టి, నడక కంటే కాస్త ఎక్కువ వేగంతో క్వారీ దాకా వెళ్ళింది. అక్కడ ట్రైలర్‌ని విడదీసి కాటా మీద ఒంటరిగా నిలబెడితే పదిహేడు వందల అరవై పౌండ్లు తూగింది.

ఆర్నీ ఆ అంకె విని తల ఊపాడు. తను చెప్పింది నిజమైనందుకు సంతోషం ఏమీ లేదు ఆ ముఖంలో.

ఇంటికి వచ్చాక లోర్నా స్నానాలగదిలో కాళ్ళ కింద వేసుకునే తూకం మిషను తెచ్చింది. దాని మీద చెక్కదిమ్మ నిలబెట్టి, దిమ్మ మీద ట్రైలర్ నొగ ఆనించింది. ముల్లు పది దగ్గర ఆగింది. మొత్తం పదిహేడు వందల పై చిలుకు బరువుంటే ముందుకి వచ్చేది పది. డ్వైట్‌కి ఫోన్ చేసి చెప్పింది. మొత్తంలో పదో వంతన్నా గుండు మీద పడాలి, లేకపోతే ట్రైలరే కారుని ఊపుతుంది అన్నాడు. మీవాళ్ళ ట్రక్కు బరువైంది కాబట్టి ఇన్నాళ్ళూ అది తెలియనివ్వలేదు అన్నాడు.

అంటే అన్నదమ్ములిద్దరూ ఊరందరి ముందు ఒంటి చేత్తో ఎత్తి చూపించిందే తప్పు. లోర్నా ఈ మాట ఆర్నీతో ఈ రకంగా అనలేదు. వెనక బరువు ఎక్కువైంది, ముందుకి తేవాలి అంది.

వెనక ఏముందో ఇద్దరికీ తెలుసు. సౌనాకి తలుపు వెనక వైపు. పొయ్యి ఎప్పుడూ తలుపు పక్కనే ఉండాలి, ఆర్నీ వాళ్ళ నాన్న సౌనాలో అలాగే ఉండేది, తాత సౌనాలో అలాగే ఉండేది. నేల మీద కట్టిన గదికి అది బానే ఉంటుంది. వెనక చెక్క అరుగు మీద పేర్చిన కట్టెలు ఇంటి దగ్గర వదిలేయొచ్చు, ఐలీ అత్త దగ్గర బిర్చ్ కట్టెలు కావలసినన్ని ఉన్నాయి. పొయ్యి కదపడం కుదరదు, పైకప్పులోంచి పొగగొట్టం పోతుంది. ఇక మిగిలింది పొయ్యి మీది రాళ్ళు.

"ఆ రాళ్ళు తియ్యకూడదు," అన్నాడు ఆర్నీ.

"ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. తియ్యం, అంతే."

వాళ్ళ నాన్న వాటిని సుపీరియర్ సరస్సు ఒడ్డున ఒక్కొక్కటీ చేతిలో తిప్పి చూసి ఏరాడు. సౌనా కట్టడం అయ్యాక కొడుకులిద్దరినీ బయట ఉండమని, లోపల ఒక్కడూ కూర్చుని పేర్చాడు. ఆ చలికాలం ఆయన పోయాడు. వేరే ఇళ్ళలో ఏడాదికోసారి రాళ్ళు దింపి, పగిలినవి పారేసి, కొత్తవి పెడతారు. వీళ్ళు పై వరసని బ్రష్షుతో దులపడం తప్ప ఇంకేం చెయ్యలేదు. సౌనాని ఎన్నిసార్లు లాగినా రాళ్ళతోనే లాగారు.

"మీ నాన్న వాటిని నీ ట్రక్కు వెనక పెట్టాడు ఆర్నీ. నా కారు వెనక పెట్టలేదు."

"తీస్తే అది నాన్న పొయ్యి కాదు."

"తియ్యకపోతే అది రాడ్నీ పొయ్యి."

ఆర్నీ లేచి లోపలికి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం సౌనా వేడి చెయ్యలేదు. భోజనాల దగ్గర ఉప్పు అందించమని తప్ప వేరే మాట లేదు. లోర్నా ఒకటి అనుకుంది. ఇతను వద్దంటే తను తియ్యదు. ఆ రాళ్ళ మీద ఆమెకి ఏ హక్కూ లేదు. అప్పుడిక రాడ్నీకి ఫోన్ చెయ్యడమే.

మర్నాడు ఆమె చర్చి నుంచి వచ్చేసరికి సౌనా తలుపు తీసి ఉంది. ఆర్నీ పొయ్యి ముందు పీట మీద కూర్చుని ఉన్నాడు. పక్కన రెండు బకెట్లు. కుడి చేత్తో ఒక్కొక్క రాయి తీసి, మసి తుడిచి, బకెట్లో పెడుతున్నాడు. లోర్నా గుమ్మంలో నిలబడింది. మంచి బట్టల్లోనే ఉంది, అయినా వెళ్ళి బట్టలు మార్చుకోలేదు.

పై వరస రాళ్ళు నల్లగా, గట్టిగా ఉన్నాయి. రెండో వరసలో ఒకటి ఆర్నీ చేతిలోనే రెండుగా విడిపోయింది. మూడో వరసకి వచ్చేసరికి రాళ్ళే లేవు. వేళ్ళ మధ్య నలిగే గుల్ల, ఇసక, బూడిద. ఏళ్ళ తరబడి కాలీ కాలీ లోపల అంతా పొడైపోయి, గాలి ఆడకుండా పొయ్యి నెత్తిన ముద్దలా కూర్చుంది. ఇదంతా ఇన్నాళ్ళూ పై వరస కింద కనపడకుండా ఉంది.

"రెండేళ్ళుగా పొయ్యి వేడెక్కడానికి ఎంత సేపు పడుతోందో," అన్నాడు ఆర్నీ. "కట్టెలు పచ్చివనుకున్నాను."

గుప్పెడు గుల్ల తీసి కాఫీ డబ్బాలో పోసి, మూత పెట్టి పక్కన ఉంచాడు. మిగతాది బయట పారబొయ్యమన్నాడు. అలా అన్నప్పుడు ఆమె వైపు చూడలేదు.

బకెట్లు బయటికి తెచ్చాక లోర్నా మళ్ళీ నొగ కింద మిషను పెట్టింది. గట్టి రాళ్ళు, గుల్ల, కట్టెలు అన్నీ పోయాక ముల్లు నూట నలభై చూపించింది. క్వారీ కాటా మీద ట్రైలర్ పద్నాలుగు వందలు తూగింది. ఇప్పుడు నొగ ఎత్తడానికి ఆమె రెండు చేతులూ, మోకాళ్ళూ కావలసివచ్చాయి. అదే దిగుడు మీద అదే వేగంతో ఇంకోసారి దిగారు. లోర్నా చూపంతా అద్దం మీదే ఉంది. గోడ బయటికి రాలేదు. డ్వైట్ దగ్గర బోల్టులు బిగించుకుని వచ్చారు.

పండగ నాడు సరస్సు మీంచి గాలి విసురుగా ఉంది. దారి నలభై మైళ్ళ పైమాటే. గట్టి రాళ్ళ బకెట్లు వెనక సీటు ముందు కాళ్ళు పెట్టుకునే చోట, ఒకటి అటూ ఒకటి ఇటూ పెట్టి, కదలకుండా దుప్పటి కుక్కారు. లోర్నా నలభై అయిదు దాటకుండా నడిపింది. వెనక కార్ల బారు తయారైంది. ఒకడు హారను కొట్టుకుంటూ దాటిపోతూ చెయ్యి ఊపాడు, మర్యాదగా కాదు. అడవి దాటి మైదానం వచ్చిన చోటల్లా గాలి సౌనా పక్కగోడని తన్నేది. తన్నినప్పుడల్లా కారు ఒక్క జానెడు జరిగి మళ్ళీ కుదురుకునేది. ఆమె భుజాలు రాయిలా బిగుసుకుపోయాయి. ఆర్నీ తన వైపు అద్దంలోంచి కళ్ళు తియ్యకుండా, ప్రతి గాలికీ ఒకే మాట చెబుతూ వచ్చాడు. తిన్నగా ఉంది. తిన్నగా ఉంది. మధ్యలో ఒకచోట ఆగి పిన్నూ, గొలుసులూ, చక్రాల వేడీ చూసుకున్నారు.

పొలానికి చేరేసరికి జనమంతా వచ్చేశారు. ఒడ్డున మంట కోసం కట్టెల గుట్ట పేర్చి ఉంది. బల్లల మీద మాంసం కూరిన పాస్టీలు, ఊరవేసిన చేపలు, జున్ను. పిల్లలు కారు వెనక పరిగెత్తుకొచ్చారు. రాడ్నీ తన పెద్ద ట్రక్కుకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. అతని ముఖంలో కాస్త ఆశ్చర్యం, కాస్త నవ్వు. వచ్చి కారు వెనక గొట్టం వంగి చూసి, ఇంత చిన్నదా అన్నాడు. తర్వాత అలవాటుగా సౌనా తలుపు తీసి లోపలికి తొంగి చూశాడు. తిరిగి వచ్చినప్పుడు నవ్వు లేదు.

"రాళ్ళేవి?"

కారులో ఉన్నాయని లోర్నా చెప్పింది.

"నాన్న పేర్చిన రాళ్ళు తీశారా? ఆర్నీ, నువ్వు చూస్తూ ఊరుకున్నావా?"

"నేనే తీశాను," అన్నాడు ఆర్నీ.

బల్లల దగ్గర మాటలు ఆగిపోయాయి. రాడ్నీ గొంతు పెంచలేదు. నీమెలా వాళ్ళకి కోపం వస్తే గొంతు తగ్గుతుంది. "ఇది సౌనా తేవడం కాదు లోర్నా. చెక్కల గది తేవడం. అలా అయితే విప్పేసి ముక్కలుగా కూడా తెచ్చేదానివి."

లోర్నాకి చెప్పడానికి చాలా ఉంది. పదో వంతు, గుండు మీది బరువు, లారీ. ఏదీ చెప్పలేదు. ఇది ఇప్పుడు ఆ ఇద్దరి మధ్య విషయం. ఆర్నీ నెమ్మదిగా కారు దాకా నడిచి, కాఫీ డబ్బా తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టాడు. మూత అతనే తియ్యాల్సి వచ్చింది, ఒంటి చేత్తో ఆర్నీకి రాదు.

"కింద వరసలన్నీ ఇదే," అన్నాడు ఆర్నీ.

రాడ్నీ గుల్లని వేళ్ళతో నలిపాడు. డబ్బాలోకి జారనిచ్చి, మళ్ళీ తీసి నలిపాడు. బల్ల దగ్గర కూర్చున్న ఐలీ అత్త చేతికర్రతో నేల మీద తట్టింది.

"ఒరేయ్, మీ నాన్నకైతే ఈ పాటికి రాళ్ళు మార్చేసి ఆవిరి పట్టడం కూడా అయిపోయేది. దాన్ని నీళ్ళ దగ్గరికి పెట్టండి ముందు. నా వయసుకి పొద్దుపోయేదాకా కూర్చోలేను."

నీళ్ళ దగ్గర పెట్టాలంటే గడ్డి వాలు మీద వెనక్కి దించాలి, ఒక పక్క బిర్చ్ చెట్టు, ఒక పక్క బోర్లించిన పడవ. రాడ్నీ చెయ్యి చాపాడు.

"తాళం ఇవ్వు. నేను దించుతా."

మామూలు సాయంలాగే అడిగాడు. కానీ స్టీరింగు ఆఖరిగా తిప్పిన చెయ్యి ఎవరిదో ఆ తర్వాత ఏడాది పొడుగునా గుర్తుంటుందని అక్కడున్న అందరికీ తెలుసు.

"నేను దించుకుంటా," అంది లోర్నా.

ఆర్నీ వెనక నిలబడ్డాడు. అతను కుడి చెయ్యి ఒక్కటే ఎత్తగలడు. అందుకని సౌనా ఎడమకి పోవాలంటే ఎడమ పక్కకి నడిచొచ్చి ఊపుతాడు, కుడికి పోవాలంటే కుడి పక్కకి నడుస్తాడు. అతను నడిచేదాకా ఆమె బ్రేకు మీద ఆగాలి. మొదటిసారి ట్రైలర్ మరీ అడ్డం తిరిగిపోయింది. ముందుకి లాగి సరిచేసుకుంది. ఎవరో చిన్నగా నవ్వారు, ఐలీ అత్త కర్ర మళ్ళీ తట్టింది. రెండోసారి తిన్నగా దిగింది, బిర్చ్ దాటింది, పడవ దాటింది. ఇంక కాస్తే ఉందనగా తడి గడ్డి మీద చక్రాలు పట్టు వదిలాయి. బ్రేకు నొక్కి ఉంది, అయినా అద్దంలో సరస్సు దగ్గరికి వస్తోంది. సౌనా కారుని కిందికి లాగేస్తోంది, ఆర్నీ సరిగ్గా దాని వెనక ఉన్నాడు.

"ఆర్నీ, పక్కకి," అని అరిచింది. అతను కదిలాడు, కానీ అతని కాలు తొందరగా లేవదు. ఆమె హ్యాండ్ బ్రేకు లాగింది. ఆగలేదు.

అప్పుడు ధబ్బుమని ఒక చప్పుడు అయి, కారు కుదుపుతో నిలిచిపోయింది.

లోర్నా దిగి చూసింది. మంట కోసం పేర్చిన గుట్టలోంచి తెచ్చిన లావుపాటి బిర్చ్ దుంగ ట్రైలర్ చక్రం కింద ఉంది. రాడ్నీ మోకాళ్ళ మీద బురదలో ఉన్నాడు. లేచి, ఇంకో దుంగ తెచ్చి రెండో చక్రం కింద కూడా తన్ని బిగించాడు. అన్న ఎక్కడ ఉన్నాడో తల తిప్పి ఒకసారి చూసుకున్నాడు. చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ లోర్నా దగ్గరికి వచ్చాడు.

"బానే ఉంది," అన్నాడు. "ఇంకా కింద అక్కర్లేదు."

అన్నదమ్ములిద్దరూ బకెట్టు పట్టుకుని ఒడ్డుకి వెళ్ళారు, గుల్ల అయిన వాటి చోట వేరే రాళ్ళు ఏరడానికి. ఏది గట్టిదో ఏది కాదో అని వాళ్ళు వాదించుకోవడం గాలికి తునకలు తునకలుగా వినిపించింది. లోర్నా కారు మెట్టు మీద కూర్చుంది. ఎవరో కాఫీ తెచ్చి ఇస్తే రెండు చేతులతో పట్టుకుని తాగింది.

పొయ్యి రాజుకుని పొగగొట్టం తెల్లగా వదలడం మొదలెట్టాక రాడ్నీ వచ్చి పక్కన నిలబడ్డాడు. చూపు సరస్సు వైపు ఉంది.

"మీ పెరట్లో దాని కింద నేల కుంగిపోయింది. పోయినేడు తెచ్చి పెట్టినప్పుడు చూశాను. నా దగ్గర సిమెంటు పలకలు ఉన్నాయి. చక్రాల కిందికి వేస్తే చలికాలం ఒరగకుండా ఉంటుంది."

లోర్నా కప్పులో అడుగున మిగిలింది తాగేసింది.

"శనివారం తీసుకురా," అంది. "ఆర్నీ ఆవేళ పొయ్యి వెలిగిస్తాడు."

రాడ్నీ సరేనన్నట్టు తల ఊపి, కట్టెలు అందించడానికి సౌనా వైపు వెళ్ళాడు.